ఓపిక రంగు

మా సంస్థ పెట్టి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో ఒక మాట దాదాపు పూర్తయింది.

సంస్థ పేరు అరబ్బీ–తెలుగు ధాతు నిఘంటు నిర్మాణ సంస్థ. అరబ్బీ మాటలు చాలావరకు మూడక్షరాల ధాతువుల్లోంచి పుడతాయి. ఆ ధాతువులన్నిటికీ తెలుగులో అర్థాలు రాయాలని ప్రభుత్వం జీవో ఇచ్చింది. ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి కోసం జనం పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా షామియానా కింద కూర్చున్నారట. అంతసేపూ అక్కడ వినపడిన ఒకే ఒక అరబ్బీ మాట "సబర్". అంటే ఓపిక. అతిథిగారు వచ్చి, దీపం వెలిగించి, "బయట అందరూ ఏదో మాట అంటున్నారు, దాంతోనే మొదలుపెట్టండి" అని కారెక్కారు. అలా స్వాద్, బే, రే అనే మూడక్షరాలు మా మొదటి ధాతువు అయ్యాయి.

ఒక ధాతువు పది అచ్చుల్లో పోస్తే పది రకాల క్రియలు వస్తాయి. మురుకుల గొట్టంలో పిండి అదే ఉంచి బిళ్ల మార్చినట్టు. మొదటి అచ్చులో ఓపిక పట్టడం. రెండో అచ్చులో ఎదుటివాళ్లను ఓపిక పట్టమనడం. మూడో అచ్చులో ఓపికలో ఒకరితో ఒకరు పోటీ పడడం. అయిదో అచ్చులో లేని ఓపిక తెచ్చిపెట్టుకోవడం. సంస్థలో అచ్చుకొక విభాగం, విభాగానికొక ఉపసంచాలకులు. పదిమందీ వేరే వేరే శాఖల నుంచి వచ్చినవాళ్లే. ఒకరు పట్టుపరిశ్రమ, ఒకరు తూనికలు కొలతలు, ఒకరు పశుసంవర్ధకం. అరబ్బీ ఎవరికీ రాదు. రాకపోవడం వల్ల ఏ పక్షపాతమూ లేకుండా పనిచేస్తారని మా సంచాలకులు విశ్వేశ్వర నాయుడు గారు ప్రతి సమావేశంలోనూ చెబుతారు.

నేను తొమ్మిదో విభాగంలో చీటీలు రాస్తాను. పేరు కాశింబీ. కాంట్రాక్టు ఉద్యోగం. మా ఊరి బడిలో తెలుగు సారు పోస్టు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఉర్దూ పిల్లలు ఒక్కరూ లేరు, మా ఇంట్లో కూడా తెలుగే. కానీ ఉర్దూ సారు పోస్టులో మాత్రం మనిషి ఉన్నాడు. ఆయన నబీరసూల్ సారు. ఖాళీగా కూర్చోవడం ఇష్టం లేక మా అందరికీ అలీఫ్, బే నేర్పారు. లెక్కలు కూడా ఆయనే చెప్పారు. అరబ్బీ మాత్రం మిగిలింది నా ఒక్కదానికే. అందుకే సంస్థలో ఆ అక్షరాలు చదవగలిగేది నేనొక్కదాన్నే.

తొమ్మిదో విభాగంలో ఒక చిన్న ఇబ్బంది ఉంది. అరబ్బీలో తొమ్మిదో అచ్చు రంగులకూ ఒంటి లోపాలకూ మాత్రమే వాడతారు. ఎర్రబడడం, పచ్చబడడం, వంకరపోవడం లాంటివి. ఓపికకు రంగు లేదు, వంకర లేదు. కాబట్టి మా విభాగానికి మాటలు లేవు. మాటలు లేని విభాగానికి వెతికే పని ఎక్కువ ఉంటుందని భవనంలో అన్నిటికన్నా పెద్ద గది, రెండు ఫ్యాన్లు, ఆరుగురు సిబ్బందిని ఇచ్చారు. మా ఉపసంచాలకులు ఓబులేసు గారు చేపల శాఖ నుంచి వచ్చారు. మంచి మనిషి. ఏడేళ్లుగా రోజూ పదిన్నరకు వచ్చి, "ఏమన్నా పడిందా కాశింబీ?" అని అడుగుతారు. "లేదు సార్" అంటాను. "పడతాదిలే. ఎర వెయ్యాల, కూచోవాల" అని పేపరు తీస్తారు.

ఇక నబీరసూల్ సారు విషయం. సారు ముప్పయ్యొక్క ఏళ్లు కష్టపడి ఈ ఒక్క ధాతువు మీదే నీలం అట్ట లాంగ్ నోట్‌బుక్ నిండా రాశారు. ధాతువుకు ఎన్ని అర్థాలున్నాయో అన్నీ: ఓపిక, ఆపి ఉంచడం, కట్టిపడేయడం, కలబంద, కొలవకుండా పోసిన గింజల రాశి. సంస్థ పెట్టారని తెలిసి సంబరపడి ఆ పుస్తకం తెచ్చి ఇచ్చారు. సంస్థ దాన్ని "ఆధార గ్రంథం"గా స్వీకరించింది. నేను టైపు కొట్టాక మూడు లక్క సీళ్లు వేసి బీరువాలో పెట్టారు. పది విభాగాలూ "మా అచ్చు పూర్తయింది" అని ధ్రువీకరించి, ధాతువు ముద్రణకు పోయేదాకా సీలు తీయకూడదు. చేతిరాతలో ఇంకో నకలు లేదు.

ఇచ్చిన ఏడాదికే సారుకు ఒక సంగతి తట్టింది. అప్పటినుంచి నెలకో సోమవారం ఊరి నుంచి బస్సెక్కి వస్తారు. చేతిలో గుడ్డసంచి.

"ఏం సుంకన్నా, నా తప్పు బాగుండాదా?" అని అడుగుతారు గేటు దగ్గర మా అటెండరును.

"బెమ్మాండంగా ఉంది సార్. మూడు సీళ్లు, రెండు తాళాలు. మా సంచాలకులకైనా అంత బందోబస్తు ల్యా" అంటాడు సుంకన్న.

ఆ తప్పు ఏమిటంటే, సారు మనవరాలికి పాలు మాన్పించాలని కూతురు చేదు ముసాంబరం తెమ్మంది. మూలికల అంగడివాడు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. సారు అంగట్లోనే అలాగే నిలబడిపోయారట.

"కాశింబీ, కలబందను అరబ్బోల్లు సబిర్ అంటారని పద్నాలుగో పేజీలో రాసినా గదా? ఆ రసం కాంచి ఎండబెడితే ముసబ్బర్. రెండో అచ్చులో పుట్టిన మాట. అదే మన ముసాంబరం! తల్లులందరూ రొమ్ముకు పూసుకునే మాట, మా ఇంట్లో అలమరలో ఉండే మాట. ముప్పయ్యొక్క ఏండ్లు యాడాడో దేవులాడి దీన్ని రాయకుండా ఇడిసిపెడితినే! ఒక్క వరస. ఒక్క వరస రాయనిస్తే సాలు."

టైపు ప్రతిలో రాద్దామంటే, టైపు ప్రతి సీలు వేసిన దానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. సీలు తీసి రాద్దామంటే పది ధ్రువీకరణలు రావాలి. తొమ్మిదో విభాగం ధ్రువీకరించడానికి మాట లేదు. మాట లేదనే సంగతినే ధ్రువీకరించవచ్చు కదా అంటే, నియమావళి ప్రకారం శూన్య నివేదికలు స్వీకరించబడవు. ఇంకో శాఖలో ఒక విభాగం పదకొండేళ్లు శూన్య నివేదికలు పంపిందని, చివరికి ఎవరో వాటిని చదివారని, చదివినవాళ్లు విభాగాన్ని జీపుతో సహా రద్దు చేశారని చెప్పుకుంటారు. అప్పటి నుంచి శూన్యం అనే మాటంటేనే మా భవనంలో అందరికీ గుండె దడ.

పాలు మానాల్సిన ఆ మనవరాలు ఇప్పుడు రెండో తరగతి. ముసాంబరం పొట్లం మాత్రం సాక్ష్యంగా సారు సంచిలోనే ఉంది.

*

మార్చి మొదటి వారంలో సంచాలకులు అత్యవసర సమావేశం పెట్టారు. పదకొండుకన్నారు, ఒంటిగంటన్నరకు మొదలైంది.

"గౌరవ ఉపసంచాలకులారా! సబర్ ధాతువు తొమ్మిది సంవత్సరముల నుండి మన పరిశీలనలో ఉన్నది. ప్రభుత్వమువారు దీనిని తీవ్రముగా పరిగణించినారు. మార్చి ముప్పయ్యొకటవ తేదీలోగా పది ధ్రువీకరణలూ అందని పక్షమున ధాతువు తిరిగి మొదటి విభాగమునకు పంపబడును. ఆధార గ్రంథము రాజధానిలోని పత్రాగారమునకు శాశ్వతముగా తరలింపబడును. తొమ్మిదవ విభాగము..." ఆయన ఓబులేసు గారి వైపు చూసి, ఒక గుక్క నీళ్లు తాగి, "...మూలమునకు పంపబడును" అని ముగించారు.

మూలమంటే చేపల శాఖ. ఓబులేసు గారిది చెరువుల ఊరు కాదు. అక్కడికి పంపితే మళ్లీ పడవలో ఎక్కించి లెక్కలు రాయిస్తారని ఆయనకు భయం. ఆయనకు ఈత రాదు.

నేను మూల స్టూలు మీద మినిట్స్ రాస్తున్నాను. శాశ్వతముగా అన్న మాట రాసేటప్పుడు పెన్ను ఆగింది. రాజధాని పత్రాగారంలోకి ఏదైనా వెళ్లడమే గానీ రావడం లేదని సుంకన్న ఎప్పుడో చెప్పాడు.

"సార్, ఒక మనవి" అన్నారు ఓబులేసు గారు లేచి. "ఓపికకు రంగు లేదని మనమే అనుకుంటున్నాం. లేదని ఎవరైనా పరిశీలించినారా? ఎక్కడన్నా రికార్డుందా?"

రికార్డు లేదు.

"రంగు ఉన్నచో?" అన్నారు సంచాలకులు.

"రంగుంటే తొమ్మిదో అచ్చులో మాట ఉంటుంది సార్. ఉండి తీరుతుంది."

పదిమంది ఉపసంచాలకులూ బల్ల మీద చరిచారు. "ఓపిక వర్ణ నిర్ధారణ సంఘం" అప్పటికప్పుడే ఏర్పడింది. నేను చెయ్యెత్తి, అరబ్బులు వాడని మాటను మనం పుట్టించకూడదేమో అన్నాను. నా మాట మినిట్స్‌లో రాసుకోమన్నారు. రాసుకున్నాను.

*

రంగుల అంగడిలో గోడల రంగులు ఎంచుకోవడానికి ఉచితంగా ఇచ్చే షేడు కార్డులు అరవై తెచ్చారు. ఒక్కో కార్డులో వెయ్యికి పైగా రంగులు. ప్రశ్నపత్రం ఓబులేసు గారే తయారుచేశారు. ఒకటి, మీరు ఎంతసేపటి నుండి ఓపిక పట్టుచున్నారు? రెండు, ఓపిక పట్టుటకు పూర్వము మీ రంగు ఏది? మూడు, వేలిముద్ర.

మొదటి రోజు బస్టాండుకు వెళ్లాం. మద్దిలేటమ్మ అనే పెద్దామె మూటమీద కూర్చుని పల్లె బస్సు కోసం చూస్తోంది. ఓబులేసు గారు వంగి ఆమె చెంప పక్కన కార్డు పెట్టారు.

"ఏందబ్బా? నాకేమన్నా సున్నం కొడ్తాండావా?" అంది ఆమె.

"కాదమ్మా. మీ ఓపిక ఏ రంగో చూస్తున్నాం. ప్రభుత్వ పరిశీలన."

"ఓపిక రంగా! సూడు సూడు. పొద్దున తొమ్మిదింటి నుంచి పట్టినా, బాగా పండింటాది."

"కదలొద్దమ్మా. కాశింబీ, రాసుకో. చందనం నాలుగు... ఊహూ, ఎండ పడితే వేరుగా ఉంది. అమ్మా, కాస్త నీడలోకి రా. ఇప్పుడు బెల్లం రెండు."

"నాయనా, బస్సొచ్చె."

"అయిపోయిందమ్మా, వేలిముద్ర ఒక్కటే. ఆ వేలు కాదు, ఎడమ బొటనవేలు. సిరా ఆరనీ."

సిరా ఆరేలోపు బస్సు వెళ్లిపోయింది. తరువాతి బస్సు సాయంత్రం అయిదింటికి. మద్దిలేటమ్మ బస్సు పోయిన దుమ్మువైపు ఒకసారి, ఓబులేసు గారి వైపు ఒకసారి చూసి మళ్లీ మూట మీద కూర్చుంది.

"చూసినావా కాశింబీ!" అన్నారు ఓబులేసు గారు మురిసిపోతూ. "ఓపిక కొనసాగుతోంది. వ్యవధి దగ్గర అయిదింటి దాకా అని రాయి."

"మీ ఆఫీసు యాడుందబ్బా?" అని అడిగింది మద్దిలేటమ్మ చాలా నెమ్మదిగా. ఆయన సంతోషంగా చిరునామా చెప్పారు.

పదిరోజుల్లో నాలుగు వందల పన్నెండు మంది ముఖాలు చూశాం. పెద్దాసుపత్రి ఓపీ వరస, రేషన్ దుకాణం, ఆధార్ కేంద్రం, రైల్వే గేటు. నాలుగు వందల పన్నెండు మందికి మూడు వందల తొంభై రంగులు వచ్చాయి. రైల్వే గేటు దగ్గర ఒక లారీ డ్రైవరుకు రెండు చెంపలకు రెండు రంగులు వచ్చాయి. కిటికీ పక్క చెంప వేరు.

సంచాలకులు నివేదిక చదివి కళ్లద్దాలు తీశారు. "క్షేత్ర పరిస్థితులు ఏకరీతిగా లేవు. ఒకడు బస్సు కొరకు, ఒకడు బియ్యము కొరకు ఓపిక పట్టినచో రంగు ఎట్లు కలియును? కారణములేని శుద్ధమైన ఓపిక కావలెను."

కారణం లేని ఓపిక కోసం మా ఆఫీసు ఆవరణలోనే "నిరీక్షణ కేంద్రం" తెరిచారు. షామియానా, వెనక తెల్లగుడ్డ, రెండు ట్యూబులైట్లు, టోకెన్లు. పేపర్లో ప్రకటన ఇచ్చారు. "ప్రజలు నిరీక్షించుటకు తగు ఏర్పాట్లు చేయబడినవి. ఉదయం తొమ్మిది నుండి. అందరూ వినియోగించుకోగలరు." దేనికోసమో రాస్తే ఓపికలో కల్తీ జరుగుతుందని రాయలేదు.

మరునాడు నేను ఎనిమిదిన్నరకు వెళ్లేసరికి వరస పోస్టాఫీసు మలుపు దాటింది. ఎందుకని ఎవరూ ఎవరినీ అడగలేదు. వరస ఉంది కాబట్టి ఏదో ఇస్తారని అందరికీ తెలుసు. ఇళ్లస్థలాలని ముందున్నవాళ్లు, కుట్టుమిషన్లని మధ్యవాళ్లు, రెండూనని వెనకవాళ్లు చెప్పుకున్నారు. ఇంటికి పోయి అన్నం తిని వచ్చేవాళ్లు తమ చోట చెప్పులు విడిచి వెళ్లారు. చెప్పులకు కూడా టోకెన్లు ఇవ్వాలా అని మా సిబ్బంది అడిగితే ఓబులేసు గారు ఇవ్వమన్నారు. రెండోరోజుకు మిరపకాయ బజ్జీల బండి వచ్చింది. మూడోరోజుకు, తమవాళ్లు ముందు నుంచే వరసలో ఉన్నారని చెప్పి దూరేవాళ్లు వచ్చారు. దాంతో వరస పూర్తిగా నిజమైన వరసైపోయింది.

బల్ల దగ్గరికి చేరినవాళ్లను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, గంటకోసారి కార్డు పట్టి చూస్తున్నాం. అందువల్ల వరస కదలడం లేదు. కదిలితే ఓపిక చెదురుతుంది.

ఆ సోమవారం నబీరసూల్ సారు వచ్చారు. సుంకన్న ఆయన్ను గేటు దగ్గరే ఆపాడు.

"సార్, ఇప్పుడు అంతా లైన్లోనే. మీ తప్పును చూడాలన్నా లైన్లోనే రావాల. టోకెన్ మూడు వందల పద్దెనిమిది."

"ఇది దేని లైను సుంకన్నా?"

"ఓపికది సార్."

సారు నవ్వి, సంచి భుజానికి తగిలించుకుని, చివర నిలబడ్డారు. నేను కిటికీలోంచి చూసి లోపలికి రమ్మని సైగ చేశాను. "నా ముందు మూడు వందల మంది ఉండారు కాశింబీ. వాళ్లనేమని ఎనక్కి నెడ్తావు?" అన్నారు. సాయంత్రం మా ఇంట్లో భోజనం చేసి, పొద్దున్నే మళ్లీ వరసలోకి వెళ్లారు. ముప్పయ్యొకటికి ఇంకా ఒక్క రోజే ఉంది.

ఆ మధ్యాహ్నం పదకొండో నంబరు బల్ల ముందుకొచ్చింది. మద్దిలేటమ్మ. కుర్చీలో గంట కూర్చోబెట్టాక ఓబులేసు గారు కార్డు పట్టి చూసి, "బెల్లం రెండు. మారలేదు. ధన్యవాదాలమ్మా, వెళ్లిరండి" అన్నారు.

"యాడికి?" అంది ఆమె.

"ఇంటికమ్మా."

"ఇస్తామనింది ఏదబ్బా?"

"ఏమీ ఇవ్వమమ్మా. మీరు ఓపిక పడితే చూద్దామని."

ఆ మాట ముందు ఆమెకు, తరువాత పన్నెండో నంబరుకు, తరువాత పోస్టాఫీసు మలుపుదాకా చేరింది. అది చేరడం నేను కళ్లారా చూశాను. గాలికి జొన్నచేను వంగినట్టు వరుసగా ముఖాలు మారాయి.

"వచ్చింది!" అని కేక పెట్టారు ఓబులేసు గారు. "రంగు మారింది! ఎరుపు! కాశింబీ, టైం రాయి! దానిమ్మ ఆరు! అమ్మా, కదలకుండా అట్లే ఉండు!"

"రంగు నేను సూపిస్తా ఉండబ్బా" అంటూ మద్దిలేటమ్మ వంగి, ఎడం కాలి చెప్పు తీసింది. వరసలో మనిషి లేకుండా నిలబడిన చెప్పులన్నీ కూడా పైకి లేచాయి. ఓబులేసు గారు కార్డు వదల్లేదు. వెనక గుమ్మంలోంచి పరుగెత్తుతూనే తిరిగి చూసి, "దానిమ్మ ఏడు! దానిమ్మ తొమ్మిది!" అని అరుస్తూ పోయారు. మద్దిలేటమ్మ ఆయన కుర్చీ ఎత్తి నెత్తిన పెట్టుకుంది. "నా బస్సుకు బదులు ఇది" అని చెప్పి గేటు దాటింది. ఎవరూ ఆపలేదు. బజ్జీల బండాయన కూడా మూడు చెప్పుదెబ్బలు తిని వెళ్లిపోయాడు, ఆయన తప్పేమీ లేకపోయినా.

*

మార్చి ముప్పయ్యొకటి. పొద్దున్నే సంఘం కూర్చుంది. ఓబులేసు గారు నుదుటిమీద బొప్పితో, "ఎరుపు సార్. మూడు వందల మంది ఏకరీతిగా ఎరుపు" అని నివేదిక చదివారు.

సంచాలకులు నివేదికను ఓబులేసు గారి వైపే తిరిగి తోశారు. "ఓపిక ముగిసిన అనంతరము వచ్చిన రంగు ఓపిక రంగుగా పరిగణింపబడదు. తిరస్కరించబడినది."

ఓబులేసు గారు కూర్చోబోయి, కుర్చీ లేదని గుర్తొచ్చి నిలబడ్డారు. బయట పత్రాగారం నుంచి వచ్చిన వ్యాను ఇంజను ఆపకుండా ఉంది. బీరువా తాళాలు సంచాలకుల బల్ల మీద ఉన్నాయి.

అప్పుడు సుంకన్న తలుపు దగ్గర దగ్గాడు. "సార్, లైన్లో ఇంకా ఒకరుండారు."

అందరం కిటికీలోంచి చూశాం. ఖాళీ ఆవరణ. చెల్లాచెదురుగా చెప్పులు. షామియానా ఒక గుంజ ఒరిగింది. ఎక్కడ మూడు వందల పద్దెనిమిదో మనిషి నిలబడాలో సరిగ్గా అక్కడ నబీరసూల్ సారు నిలబడి ఉన్నారు.

"నా వంతు వచ్చిందా?" అన్నారు లోపలికి వచ్చాక.

ఓబులేసు గారు చివరి ఆశగా ఆయన ముఖానికి కార్డు పట్టారు. సారు కార్డును మెల్లగా పక్కకు తోశారు. "నా ముఖాన ఏముంటాది సార్, మూడు దినాల ఎండ. ఓపికకు రంగు కావాలంటే ఇదిగో." సంచిలోంచి పొట్లం తీసి బల్ల మీద విప్పారు. రేగికాయంత నల్లటి ఉండ. అంచుల్లో ఎర్రమట్టి మెరుపు. "ముసాంబరం. సబర్ అనే ధాతువులో పుట్టి మన ఇండ్లకొచ్చిన వస్తువు. ఏడేండ్లుగా దీన్ని పుస్తకంలో ఒక్క వరస రాసుకోవాలని తిరుగుతాండా."

సంఘం ముందుకు వంగింది. ఓపిక పేరుగల వస్తువు. దానికి రంగుంది. కార్డులో కూడా దొరికింది: తుమ్మబంక పదకొండు.

"ప్రత్యక్ష పరిశీలన లేక ధ్రువీకరణ కుదరదు" అన్నారు సంచాలకులు. "పదిమందియూ రుచి చూడవలెను."

సారు వద్దనబోయారు. ఆ లోపల పదిమందీ తలా ఒక పలుకు నోట్లో వేసుకున్నారు. సంచాలకులు హోదాకు తగ్గట్టు కాస్త పెద్ద పలుకు వేసుకున్నారు.

నేను చాలా ముఖాలు చూశాను ఆ నెలలో. అలాంటి ముఖాలు చూడలేదు. పట్టుపరిశ్రమ గారి పెదవి కుడి చెవి వైపు వెళ్లింది. తూనికలు కొలతలు గారి కన్ను ఒకటి మూసుకుని మళ్లీ తెరుచుకోలేదు. పదకొండు మూతులూ పదకొండు వైపులకు తిరిగాయి. ఓబులేసు గారు మాత్రం ఆ వంకర మూతితోనే నియమావళి తెరిచి వేలు పెట్టి చూపించారు.

"షార్... రంగూ ఉంది... వంకరా ఉంది... రెండు షరతులూ..."

సుంకన్న నీళ్ల కుండతో వచ్చాడు. కానీ బల్ల ఇవతలే ఆగాడు. ఒక చేతిలో కుండ, ఒక చేతిలో ధ్రువీకరణ రిజిస్టరు. మిగతా తొమ్మిది విభాగాల పాత సంతకాలకు ఆరు నెలల గడువు తీరిపోయింది, అవీ మళ్లీ పడాల్సిందే. ఆ సంగతి నేను వారం కిందట అతనికి చెప్పాను.

"సంతకం పెట్టి నీళ్లు తాగండి సార్" అన్నాడు సుంకన్న మర్యాదగా.

పది సంతకాలు పడడానికి ఒక నిమిషం పట్టలేదు. సంస్థ చరిత్రలో అంత వేగంగా జరిగిన పని అదే. సంచాలకులు ముద్ర కూడా తామే వేశారు. వ్యాను ఖాళీగా వెళ్లింది.

సీళ్లు పగలగొట్టి నోట్‌బుక్ సారు చేతిలో పెట్టాను. ఆయన పద్నాలుగో పేజీ తీశారు. పేజీలు అంటుకుపోయి ఉంటే ఊది విడదీశారు. కలం తీసి, రిజిస్టరు వైపు చూశారు. అక్కడ సంతకాల పైన ఓబులేసు గారి చేతిరాతలో ఉంది: "ముసాంబరం, తొమ్మిదో రూపం."

"ఇది తప్పు" అన్నారు సారు. "ముసాంబరం రెండో అచ్చు. తొమ్మిదో అచ్చులో ఏమీ లేదు."

పదకొండు మూతులూ మళ్లీ వంకరపోయాయి, ఈసారి ముసాంబరం లేకుండానే.

"మహాశయా, తప్పని తేలినచో పది సంతకాలూ చెల్లవు. ధాతువు మొదటి విభాగమునకు పోవును. నిర్ణయము మీదే" అన్నారు సంచాలకులు.

సారు కలం పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఒక మాట వదిలేశానని ఏడేళ్లు నిద్రపట్టని మనిషి. ఇప్పుడు ఆ మాట రాయాలంటే ఒక అబద్ధం అచ్చు కావాలి. "వద్దులే కాశింబీ" అని కలానికి మూత పెట్టారు. "లేనిదే నయం. తప్పు రాసి ఇడిసిపోలేను."

ఆ నెలలో నేను చాలాసార్లు చెయ్యెత్తాను, మినిట్స్‌లో రాసుకున్నాను. ఈసారి ఎత్తలేదు. "సార్, తప్పొప్పుల పట్టికకు ఎన్ని సంతకాలు కావాలి?" అని అడిగాను.

ప్రతి తెలుగు పుస్తకం చివరా ఒక కాగితం ఉంటుంది కదా, ఫలానా పేజీలో ఫలానా తప్పును ఫలానాగా చదువుకోగలరు అని. సంచాలకులు నియమావళి రెండు వందల పన్నెండు పేజీలూ తిరగేశారు. తప్పొప్పుల పట్టిక గురించి ఒక్క ముక్క లేదు. ఈ సంస్థ తప్పు చేయగలదని నియమాలు రాసినవాళ్లకు తోచలేదు.

"దానిని ఎవరును చదవరు గనుక సంతకము అవసరము లేదు" అని తేల్చారు.

"నేను చదువుతా" అన్నారు నబీరసూల్ సారు. కలం మూత తీసి, పద్నాలుగో పేజీలో ఒక్క వరస రాశారు. ఆరేదాకా ఊదుతూ కూర్చున్నారు.

*

వానలు మొదలయ్యాక పుస్తకం వచ్చింది. ఒక మాట, ఆరు వందల పేజీలు. తొమ్మిదో విభాగం సాధించిన మాటకు గుర్తింపుగా మూడు కొత్త పోస్టులు, ఒక జీపు మంజూరయ్యాయి. ఓబులేసు గారికి కొత్త కుర్చీ కూడా. రెండో ధాతువు ఐన్, జీమ్, లామ్. తొందర అని అర్థం. దానికి ప్రభుత్వం పన్నెండేళ్ల గడువిచ్చింది.

సారు ప్రతిని నేనే ఊరికి తీసుకెళ్లాను. నా ప్రతి కూడా సంచిలో ఉంది. బడి వరండాలో కూర్చుని, అట్ట వాసన చూసి, ముందు పేజీలేవీ చూడకుండా చివరికి తిప్పారు. తప్పొప్పుల పట్టిక. ఒకే ఒక వరస: "పేజీ 511, తొమ్మిదో రూపం అన్నచోట రెండో రూపం అని చదువుకోగలరు." వేలు పెట్టి రెండుసార్లు చదివి, ఆ పేజీ తీసి చూసి, ఇంకొకటి తిప్పారు. రెండో తరగతి మనవరాలు ఆయన భుజం మీద నుంచి తొంగిచూసింది.

"కాశింబీ."

"సార్."

"ఇది ఐదు వందల పదకొండు కాదు. ఐదు వందల పన్నెండు."

దిద్దాలంటే అర్జీ ఎవరికి పెట్టాలి, ఎన్ని విభాగాలు దాటాలి అని లెక్క మొదలుపెట్టాను. సారు అప్పటికే కలం తీశారు.

"నువ్వట్ల సూడొద్దు. ఇది నా పుస్తకం" అని అంకె దిద్దారు. తరువాత నా సంచి వైపు చెయ్యి చాచారు. "నీది గుడక తియ్యి."